మోంజ్వా సేన్ దెనీ: ఫ్రెంచి రణనినాదం, దాని మతార్థం

రణనినాదం అంటే యుద్ధరంగంలో సైనికులు ఒక్క గొంతుతో వేసే కేక. దానికి రెండు పనులుంటాయి. దుమ్ములో, గందరగోళంలో తనవాడెవడో పరాయివాడెవడో పోల్చుకోవడానికి గుర్తుగా నిలవడం మొదటిది కాగా, ప్రాణం మీదికి వచ్చిన వేళ తాము ఎవరి అండ చూసుకొని కత్తి దూశారో సైనికులకు తలపించడం రెండవది. మొదటిది కేవలం సైనిక ప్రయోజనం. రెండవది చాలా సందర్భాల్లో మతంతో ముడిపడినది. ఈ రెండూ ఒకే కేకలో కలిసి ఉండటం వల్ల దానిని మరొక భాషలోకి తెచ్చే అనువాదకునికి చిక్కు ఎదురవుతుంది. మాటల అర్థం చెబితే కేకలోని ఊపు పోతుంది. ఊపు నిలబెట్టడానికి మన భాషలోని నినాదాన్ని తెచ్చి పెడితే, మన మతభావన కూడా దానితోపాటు వచ్చి చేరుతుంది. మధ్యయుగంలో ఫ్రాన్సు రాజుల సేనలు వాడిన "మోంజ్వా సేన్ దెనీ" అనే నినాదం ఈ చిక్కుకు మంచి ఉదాహరణ.

ఈ ప్రశ్న హైదరాబాదు నగరానికి దూరమైనదేమీ కాదు. 1968లో ఏర్పడి, కళాశాల స్థాయి చరిత్ర గ్రంథాలనూ పారిభాషిక పదకోశాలనూ తెలుగులో వెలువరిస్తూ వచ్చిన తెలుగు అకాడమి హిమాయత్‌నగర్‌లోనే ఉంది. యూరపు చరిత్రలోని పేర్లూ పదవులూ నినాదాలూ తెలుగు విద్యార్థికి ఏ రూపంలో అందాలన్నది అటువంటి సంస్థ పనిలో నిత్యం ఎదురయ్యే సమస్య. అక్కడి నుండి బషీర్‌బాగ్ మీదుగా ఆబిడ్స్ వైపు వెళితే గన్‌ఫౌండ్రీ వస్తుంది. ఉర్దూలో "తోప్ కా సాంచా" అని పిలిచే ఆ ఫిరంగుల కార్ఖానాను స్థాపించినవాడు నిజాం అలీ ఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాపతి మిషెల్ జొవాషిమ్ రేమండ్. అతని పేరు హైదరాబాదు ప్రజల నాలుకపై పొందిన మార్పు, ఫ్రెంచి రణనినాదపు మతార్థాన్ని తేల్చుకోవడానికి ఎంతగానో తోడ్పడుతుంది. అయితే ముందుగా నినాదాన్నే విడదీసి చూడవలసి ఉంది.

నినాదంలో రెండు భాగాలున్నాయి. రెండవ భాగమైన "సేన్ దెనీ" సులువైనది; అది ఒక పునీతుని పేరు. పునీతుడంటే క్రైస్తవ సంఘం పవిత్రునిగా గుర్తించి, భక్తులు తమ కోసం దేవుని ఎదుట విన్నవించమని వేడుకునే పుణ్యపురుషుడు. తెలుగు కతోలికులు "పునీత" అనే ఈ మాటను వాడతారు. పాత కతోలిక గ్రంథాల్లో "అర్చ్యశిష్ట" అనే మాట కూడా కనిపిస్తుంది. దెనీ మూడవ శతాబ్దంలో పారిస్ నగరానికి తొలి బిషప్పు అనీ, రోమన్ల ఏలుబడిలో శిరచ్ఛేదానికి గురై మరణించాడనీ సంప్రదాయం చెబుతుంది. తెగిన తలను తానే చేతుల్లోకి తీసుకొని నడిచి వెళ్లాడని తరువాతి గాథ చేర్చింది. ఆయన సమాధి ఉన్న చోట, పారిస్‌కు ఉత్తరాన, వెలసిన మఠమే సేన్ దెనీ మఠం. ఫ్రాన్సు రాజులలో అత్యధికుల సమాధులు అక్కడే ఉన్నాయి. దెనీ అనేది దియొనీసియుస్ అనే గ్రీకు పేరుకు ఫ్రెంచి రూపం. తెలుగు బైబిలులో అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో ఏథెన్సు నగరవాసి దియొనూసి కనిపిస్తాడు. తొమ్మిదవ శతాబ్దంలో సేన్ దెనీ మఠాధిపతి హిల్దుయిన్ ఈ ఇద్దరినీ ఒక్కరే అని రాసి, పారిస్ పునీతునికి అపొస్తలుడైన పౌలు శిష్యుని గౌరవాన్ని కట్టబెట్టాడు. అంటే నినాదంలో తేలికైన భాగమనుకున్న పేరులో కూడా ఇద్దరు మనుషులు కలిసిపోయి ఉన్నారు.

అసలు చిక్కు "మోంజ్వా" అనే మొదటి మాటతో వస్తుంది. ఫ్రెంచిలో "మోన్" అంటే కొండ, "జ్వా" అంటే ఆనందం. విడదీస్తే "ఆనందగిరి" అన్న అర్థం వస్తుంది. కాని సైనికులు శత్రువు మీద పడుతూ ఆనందగిరి అని ఎందుకు అరవాలి అన్న ప్రశ్నకు మధ్యయుగపు రచయితల దగ్గరే ఒక్క సమాధానం లేదు. సుమారు 1100 ప్రాంతంలో రూపుదిద్దుకొన్న "రోలాండు గీతం" అనే వీరకావ్యంలో ఇది షార్లమేన్ చక్రవర్తి సేనల నినాదం. షార్లమేన్ ఖడ్గం పేరు "జ్వాయూజ్", అంటే ఆనందమయి అనీ, శిలువపై క్రీస్తు దేహాన్ని పొడిచిన ఈటె మొన ఆ ఖడ్గపు పిడిలో పొదిగి ఉందనీ, ఆ పవిత్రత వల్లనే ఖడ్గానికి ఆ పేరూ, దాని నుండి సైన్యానికి ఆ నినాదమూ వచ్చాయనీ కావ్యం వివరిస్తుంది. అదే కావ్యం మరొక చోట సేనాధ్వజాన్ని వర్ణిస్తూ, అది పునీత పేతురుదనీ, పూర్వం దానికి రోముకు సంబంధించిన పేరుండేదనీ, తరువాత మోంజ్వా అన్న పేరు వచ్చిందనీ అంటుంది. ఒకే కావ్యం ఒకే మాటను ఒకసారి ఖడ్గానికీ మరొకసారి పతాకకూ ముడిపెట్టిందంటే, ఆ నినాదం అప్పటికే మూలార్థం మరుగుపడినంత పాతదైపోయిందని భావించడం సమంజసం.

పన్నెండవ శతాబ్దపు నార్మండీ చరిత్రకారుడు, మఠవాసి అయిన ఓర్డెరిక్ విటాలిస్ తన లాటిన్ గ్రంథంలో ఈ నినాదాన్ని అనువదించాడు. కొండ అనే అర్థాన్ని పూర్తిగా విడిచి, "నా ఆనందం" అనే అర్థమిచ్చే లాటిన్ మాటలు పెట్టాడు. ఫ్రెంచిలో "నా" అనే మాటకూ "కొండ" అనే మాటకూ ఉచ్చారణ ఒకటే కావడం వల్ల అలా వినిపించి ఉండాలి. అయితే "జ్వా" ఫ్రెంచి వ్యాకరణంలో స్త్రీలింగ పదం. దాని ముందు "నా" అనే అర్థంలో "మా" రావాలి గాని "మోన్" రాదు. కాబట్టి ఓర్డెరిక్ అనువాదం చెవికి సరిపోయినా వ్యాకరణానికి నిలవదు. ఇక్కడ గమనించవలసిందేమిటంటే, ఆ నినాదం యుద్ధాల్లో ఇంకా మోగుతున్న రోజుల్లోనే, ఆ భాష తెలిసిన విద్వాంసుడే దానిని ఊహించి అనువదించవలసి వచ్చింది.

మూడవ వివరణ యాత్రికులది. సుదూర తీర్థానికి కాలినడకన వెళ్లే యాత్రికులకు ఆ పుణ్యనగరం మొదటిసారి కనిపించే ఎత్తైన చోటును మధ్యయుగంలో ఆనందగిరి అని పిలిచేవారు. రోము శివార్లలోని మాంటె మారియోకు ఆ పేరుండేది. 1099లో జెరూసలేమును ముట్టడించడానికి వచ్చిన క్రూసేడు సైనికులు ఆ నగరం తొలిసారి కంటపడిన నబీ సాము‌యెల్ గుట్టకూ అదే పేరు పెట్టారు. స్పెయిన్‌లోని సంతియాగో పుణ్యక్షేత్రానికి చేరువలో ఉన్న గుట్ట పేరు ఇప్పటికీ ఆనందగిరి అనే అర్థమే ఇస్తుంది. దారి చూపడానికి పేర్చిన రాళ్లకుప్పలను కూడా ఫ్రెంచిలో మోంజ్వా అనేవారు. పదమూడవ శతాబ్దంలో పారిస్ నుండి సేన్ దెనీ మఠానికి వెళ్లే దారి పొడవునా నిలిపిన రాతి కట్టడాలకూ ఆ పేరే ఉండేది. ఇవిగాక, ఇది లాటిన్ మూలం నుండి వచ్చినది కాదనీ, "రక్షణ" అనే అర్థమున్న ఒక జర్మానిక్ పదమూ "ప్రదేశం" అనే అర్థమున్న మరొక పదమూ కలిసి "దేశరక్షణ" అన్న భావంతో పుట్టిన మాట చెవిమార్పుతో మోంజ్వా అయిందనీ కొందరు భాషావేత్తల ఊహ. 1668లో ప్రచురించిన ఒక చరిత్ర గ్రంథానికి అనుబంధంగా రణనినాదాల మీద ప్రత్యేక వ్యాసాలు రాసిన ఫ్రెంచి పండితుడు ద్యు కాంజ్, మోంజ్వా అంటే చిన్న కొండ మాత్రమేననీ, దెనీ ప్రాణాలర్పించిన మోంమార్త్ర్ గుట్టనే అది సూచిస్తుందనీ అభిప్రాయపడ్డాడు.

ఇన్ని వివరణల్లో ఏది సరైనదో వ్యుత్పత్తి, అంటే పదం పుట్టుకను విచారించే శాస్త్రం, ఒంటరిగా తేల్చలేదు. వాడుకను పరిశీలిస్తే మాత్రం దారి కొంత స్పష్టమవుతుంది. ఫ్రాన్సు రాజవంశానికే చెందినా వేరు కుంపటి పెట్టుకొన్న బర్గండీ ప్రభువులు ఇదే నినాదాన్ని దెనీ పేరు తీసివేసి, తమ ప్రాంతపు ఆరాధ్యుడైన పునీత అంద్రెయ పేరు చేర్చి వాడుకున్నారు. అంటే మోంజ్వా అనే భాగం ఎవరైనా వాడుకోగల పిలుపు. పునీతుని పేరు మాత్రమే ఆ సేన ఎవరిదో చెప్పే చిరునామా. ఫ్రాన్సు రాజు కొలువులో ప్రధాన వార్తాహరుని పదవికి కూడా మోంజ్వా అన్న పేరే స్థిరపడింది. చెదిరిన సైన్యం ఒక్కచోటికి చేరడానికి గుర్తు కొండ అయినా, రాళ్లకుప్ప అయినా, జెండా అయినా, జెండా దగ్గర మోగే కేక అయినా దాని పని ఒకటే. అందువల్ల యుద్ధరంగంలో మోంజ్వా అన్న మాట అర్థానికన్నా దిక్కుకు సంబంధించినది: ఇటు రండి, జెండా ఇక్కడ ఉంది, అన్నదే దాని సారం.

ఆ జెండా ఎవరిదన్న ప్రశ్న దగ్గర మతార్థం ప్రవేశిస్తుంది. "ఒరిఫ్లామ్" అని పిలిచే ఆ ఎర్రని పతాక రాజు కోటలో కాక సేన్ దెనీ మఠంలో ఉండేది. 1124లో జర్మన్ చక్రవర్తి ఐదవ హెన్రీ దండెత్తి వస్తున్నాడని తెలిసినప్పుడు, ఆరవ లూయీ రాజు మఠానికి వెళ్లి, దెనీ సమాధి ముందు మోకరిల్లి, వేదిక మీద నుండి పతాకను అందుకున్నాడు. ఆ సందర్భంలో వెక్సిన్ అనే ప్రాంతానికి తాను పునీత దెనీ సామంతుణ్ణని రాజు అంగీకరించాడు. సామంతుడంటే ప్రభువు నుండి భూమి పొంది, బదులుగా యుద్ధసేవ చేస్తానని ప్రమాణం చేసినవాడు. ఇక్కడ ప్రభువు స్థానంలో ఉన్నది ఎన్నో శతాబ్దాల క్రితం మరణించిన పునీతుడు. సేవకుని స్థానంలో ఉన్నది దేశాన్నేలే రాజు. తెలుగువారికి ఈ భావన కొత్తది కాదు. విజయనగర రాజుల దానశాసనాల చివర రాజు తన పేరుకు బదులు శ్రీ విరూపాక్ష అని చేవ్రాలు చేసిన సంప్రదాయం ఇటువంటిదే. దైవం యజమాని, రాజు ఆ యజమాని తరఫున వ్యవహరించేవాడు. కనుక సేన్ దెనీ అని అరిచిన సైనికుడు ఆ క్షణంలో పూజ చేయడం లేదు, విజయం కోసం స్తోత్రం చదవడం లేదు; తాను ఎవరి మనిషో ప్రకటిస్తున్నాడు. క్రైస్తవ ధర్మం ప్రకారం ఆరాధన దేవునికి ఒక్కనికే చెల్లుతుంది, పునీతులను వేడేది మధ్యవర్తిత్వం కోసమే. ఆ భేదం కూడా ఈ వివరణతో సరిగ్గా పొసగుతుంది.

ఇప్పుడు తెలుగు అనువాదానికి రావచ్చు. "ఆనందగిరి పునీత దెనీ" అంటే మాటకు మాట సరిపోతుంది గాని, తెలుగు పాఠకునికి ఆనందగిరి అన్న వెంటనే శంకరాచార్యుల భాష్యాలకు టీక రాసిన పండితుని పేరు స్ఫురించడమే గాక, మధ్యయుగంలోనే వివాదాస్పదమైన వ్యుత్పత్తిని అనువాదకుడు ఏకపక్షంగా ఖరారు చేసినట్లవుతుంది. "జై సేన్ దెనీ" అంటే నినాదంలా చక్కగా మోగుతుంది. కాని జై అన్న మాట జయాన్ని కోరుతుంది, ఫ్రెంచి నినాదంలో జయం ఊసే లేదు. "దెనీ స్వామీ శరణు" అంటే శరణాగతి అనే వైష్ణవ భావన వచ్చి చేరి, సామంతుని ప్రకటన కాస్తా భక్తుని ప్రార్థనగా మారిపోతుంది. "దెనీ మా అండ" అన్నది భావానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నా, అందులో వాక్యం పూర్తయిపోవడం వల్ల కేక బిగువు సడలుతుంది.

మూలంలో క్రియాపదం లేదు. రెండు పేర్లు పక్కపక్కన ఉన్నాయి, అంతే. క్రియ లేని నినాదం తెలుగుకు సహజమైనదే. తిరుమల కొండ మీద గోవింద నామం, మరాఠా సేనల హరహర మహాదేవ, కోస్తాలో వీరభద్రుని సంబరాల్లో మోగే అశ్శరభ దశ్శరభ, ఇవన్నీ క్రియ లేకుండానే నిండుగా పలికే కేకలు. చివరిదానిలో శరభ అన్నది శివుని ఒక రూపమని పండితులు చెప్పగలరు గాని, ఖడ్గం పట్టి ఆవేశంతో ఆ మాట అనే వీరభద్ర భక్తుడు దానిని పదచ్ఛేదం చేసుకోడు, చేయవలసిన అవసరమూ లేదు. అందుచేత "మోంజ్వా! పునీత దెనీ!" అని మొదటి మాటను ఉన్నదున్నట్లు నిలిపి, రెండవ దానిలో బిరుదును మాత్రమే తెలుగు చేసి, వివరణను పక్కన వేరుగా ఇవ్వడం అన్నిటికన్నా నిజాయితీగల మార్గం.

ఈ తీర్పుకు హైదరాబాదు చరిత్రే బలమైన సాక్ష్యం ఇస్తుంది. గాస్కనీ ప్రాంతంలో 1755లో పుట్టిన రేమండ్ 1775లో పుదుచ్చేరికి వచ్చి, కొంతకాలం ఫ్రెంచి సేనాని బుస్సీ కింద పనిచేసి, 1786లో నిజాం కొలువులో చేరాడు. కొద్ది వందల మందితో మొదలైన అతని దళం, యూరపు పద్ధతిలో కవాతు నేర్చిన సుమారు 14,000 మంది సైన్యంగా ఎదిగి, 1795లో మరాఠాలతో జరిగిన ఖర్దా యుద్ధంలో పాల్గొన్నది. ఆ నాటికి ఫ్రాన్సులో రాచరికం కూలిపోయింది. 1792 సెప్టెంబరు 20న వాల్మీ యుద్ధంలో సేనాని కెలెర్మాన్ టోపీని కత్తి మొనకు తగిలించి ఎత్తి "జాతి వర్ధిల్లాలి" అనే అర్థమిచ్చే నినాదాన్ని అందుకోగా సైన్యమంతా పలికింది. పునీతుని పేరున్న చోట జాతి వచ్చి కూర్చున్నది. మరుసటి ఏడు, 1793లో, సేన్ దెనీ మఠంలోని రాజసమాధులనే విప్లవకారులు తవ్వివేశారు. రేమండ్ దళం హైదరాబాదులో పట్టుకొన్నది ఆ విప్లవ ప్రభుత్వపు మూడు రంగుల జెండానే. కాబట్టి నిజాం సేనలోని ఫ్రెంచివారు తెచ్చినది పాత రాజుల మతనినాదం కాదు. మతాన్ని పక్కకు నెట్టిన కొత్త జాతి భావన.

అయినప్పటికీ, హైదరాబాదు ప్రజలు ఆ సేనాపతి పేరులోనే మతాన్ని విన్నారు. ఫ్రెంచిలో దొర అనే మర్యాదను సూచించే "మొస్యో" అన్న మాట ఇక్కడి నోళ్లలో "మూసా" అయింది. మూసా ఇస్లాంలో ఒక ప్రవక్త పేరు, బైబిలులోని మోషే ఆయనే. రేమండ్ అన్న పేరు హిందువులకు "రామ్"గా, ముస్లిములకు "రహీమ్"గా వినిపించింది. ఫలితంగా ఒకే మనిషి మూసా రామ్, మూసా రహీమ్ అన్న రెండు పేర్లతో జనంలో నిలిచాడు. మూసారాంబాగ్ అన్న పేట పేరు అతని వల్లనే వచ్చిందని ప్రసిద్ధి. 1798 మార్చి 25న అతడు మరణించిన తరువాత ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద నిలిపిన నల్లరాతి స్తంభం వద్ద ఏటా వర్ధంతినాడు జనం చేరి, దీపాలు, ధూపం పెట్టి, దర్గాలలో జరిగే ఉర్సు వలె జరుపుకొన్న ఆనవాయితీ చాలాకాలం కొనసాగింది. ఉర్సు అంటే సూఫీ గురువు వర్ధంతిని ఆయన ఆత్మ దైవంలో లీనమైన శుభదినంగా జరిపే ఉత్సవం. అదే సంవత్సరం అక్టోబరు 22న ఆంగ్లేయులు అతని దళాన్ని పోరు లేకుండానే నిరాయుధం చేశారు. ఆ పని నడిపించిన ఆంగ్ల ప్రతినిధి కిర్క్‌పాట్రిక్ కట్టించిన భవనం కోఠిలో నేటికీ ఉంది. సైన్యం మాయమైంది, రాజకీయం మారిపోయింది. వ్యుత్పత్తి రీత్యా ఏ మతసంబంధమూ లేని ఒక మర్యాదవాచకం మాత్రం పవిత్రనామమై మిగిలింది.

ఇటువంటి ప్రయాణం రెండు వైపులా సాగుతుంది. మొహర్రంలో ముస్లిములు దుఃఖంతో పలికే హసన్, హుసేన్ నామాలు ఆంగ్ల సిపాయిల చెవిన పడి "హాబ్సన్ జాబ్సన్" అనే అర్థంలేని జంటపదంగా మారాయి. 1886లో యూల్, బర్నెల్ ప్రచురించిన ఆంగ్లో ఇండియన్ పదకోశానికి ఆ మాటే పేరైంది. తెలంగాణ పల్లెల్లో పీరీల పండుగనాడు గుండం చుట్టూ హిందువులూ ముస్లిములూ కలిసి వేసే "అసోయ్ దూలా" అన్న కేక, హుసేన్ పేరునూ పెండ్లికొడుకు అనే అర్థమున్న దూల్హా అనే మాటనూ కలిపిన పిలుపు నుండి వచ్చిందని సాధారణంగా చెబుతారు. ఒకే నామం ఆంగ్లేయుని నోట పవిత్రతను పోగొట్టుకొన్నది. తెలంగాణ రైతు నోట రూపం మారినా పవిత్రతను నిలుపుకొన్నది. రెండు చోట్లా ధ్వని చెదిరింది. తేడా అంతా ఆ కేక వేసేవారు గుండం దగ్గర మొక్కుతో నిలబడ్డారా, దూరం నుండి వేడుక చూశారా అన్నదానిలో ఉంది.

ఈ ఉదాహరణలన్నీ కలిపి చూసినప్పుడు ఫ్రెంచి నినాదం విషయంలో ఒక నిర్ణయానికి రావచ్చు. మోంజ్వా అన్న మాట మూలంలో మోంమార్త్ర్ గుట్ట కావచ్చు, యాత్రికుల గుట్ట కావచ్చు, రక్షణకు సంబంధించిన జర్మానిక్ పదం కావచ్చు. వాటిలో ఏది నిజమైనా 1124లో మఠం నుండి పతాకను అందుకొన్న రాజుకూ అతని సైనికులకూ అది క్రైస్తవ నినాదమే. ఎందుకంటే దాని మతార్థం పదం పుట్టుకలో లేదు. అది మఠపు వేదిక మీద, పతాకను అందుకొన్న ఆచారంలో, సామంతుని ప్రమాణంలో ఉంది. ఆచారాలు నిలిచినంతకాలం ఆ అర్థం నిలిచింది. 1415లో అజాంకూర్ ఓటమి తరువాత ఒరిఫ్లామ్ పతాక మళ్లీ యుద్ధరంగానికి వెళ్లలేదు, క్రమంగా నినాదం చరిత్ర గ్రంథాలకు, వంశచిహ్నాలకు పరిమితమైంది.

కనుక యూరపు చరిత్రను తెలుగులో రాసేవారు ఈ నినాదం వచ్చిన చోట తెలుగు అర్థం వెతకడానికి పడే శ్రమలో సగమైనా దాని వెనుకనున్న ఆచారాన్ని రెండు వాక్యాల్లో చెప్పడానికి వెచ్చిస్తే విద్యార్థికి ఎక్కువ మేలు జరుగుతుంది. దెనీ ఎవరు, పతాక ఎక్కడ ఉండేది, రాజు ఎవరికి సామంతునిగా నిలిచాడు అన్న మూడు సంగతులు తెలిసిన విద్యార్థి "మోంజ్వా! పునీత దెనీ!" అని చదివినప్పుడు దాని బలం గ్రహించగలడు. ఆ మూడూ తెలియని విద్యార్థికి ఎంత చక్కని తెలుగు నినాదం ఇచ్చినా, అందులో అతడు తనకు తెలిసిన దేవుణ్ణే వింటాడు గాని, ఆ ఫ్రెంచి సైనికుడు తలచుకొన్న పునీతుణ్ణి వినలేడు.